ముందు కాగితం, తర్వాత పని



అమెరికా చదువుకు వెళ్లబోయే పిల్లలున్న ఇంటికి ఎవరొచ్చినా మొదట అడిగే మాట ఒకటే. "వీసా వచ్చిందా?" వచ్చిందంటే నోరు తీపి చేసేస్తారు. ఏ వీసా వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. ఆ వీసాతో అక్కడ ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు అని అడిగేవాళ్లు మరీ తక్కువ. ఈ రోజు ఆ అడగని ప్రశ్నల గురించే మాట్లాడుకుందాం.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. మరే దేశం నుంచీ అంతమంది వెళ్లలేదు. ఆగస్టులో ఏ రాత్రయినా శంషాబాద్ విమానాశ్రయం బయట నిలబడితే అందులో మన పిల్లలు ఎందరో అర్థమవుతుంది. ఒక్కొక్కరి వెనకా ఒక బ్యాంకు అప్పో, అమ్మిన అరెకరమో ఉంటుంది. అందుకే ఈ విషయం తెలుసుకోవాలి.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో మనవాళ్లు చదువుకోవడమే కాదు, పరిశోధనలు చేస్తారు. పాఠాలు చెబుతారు. ల్యాబుల్లో, ఆసుపత్రుల్లో పనిచేస్తారు. వీళ్లందరికీ ఒకటే వీసా కాదు. చదువుకునేవారిది ఎఫ్-1. మార్పిడి కార్యక్రమాల కింద వెళ్లేవారిది జె-1. ఉద్యోగం చేసేవారిది ఎక్కువగా హెచ్-1బి. ఇంకా కొన్ని ఉన్నాయి కానీ మనవాళ్లలో ఎక్కువమందికి తగిలేవి ఈ మూడే. చదువుకి ఎఫ్-1, మార్పిడికి జె-1, ఉద్యోగానికి హెచ్-1బి.

వీటి తేడా తెలియాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. ఇంటి ఉదాహరణతో చెబుతాను.

మీరొక ఇల్లు అద్దెకు తీసుకున్నారనుకోండి. ఇంటాయన గేటు తాళంచెవి చేతికిస్తాడు. అద్దె ఒప్పందం కూడా రాసుకుంటారు. తాళంచెవి పని గేటు తియ్యడం వరకే. ఆ ఇంట్లో ఎన్నాళ్లుండాలి, దేనికి వాడుకోవాలి అన్నది ఒప్పందంలో ఉంటుంది. కాపురానికని తీసుకున్న ఇంట్లో కిరాణా కొట్టు పెడితే ఇంటాయన ఖాళీ చెయ్యమంటాడు. "తాళంచెవి నా దగ్గరే ఉంది కదా" అంటే ఊరుకుంటాడా?

పాస్‌పోర్టులో అంటించే వీసా ఆ తాళంచెవి లాంటిది. సరిహద్దు దగ్గర లోపలికి అడుగుపెట్టడానికి అది పనికొస్తుంది. లోపలికి వెళ్లాక మనల్ని నిలబెట్టేది ఒప్పందం. దాన్ని అక్కడ స్టేటస్ అంటారు. లోపల ఉండగా వీసా తేదీ దాటిపోయిందనుకోండి. స్టేటస్ సరిగ్గా ఉంటే చదువు ఆగదు. బయటికి వచ్చి మళ్లీ వెళ్లాలన్నప్పుడే కొత్త వీసా కావాలి. అదే స్టేటస్ పోయిందనుకోండి. పాస్‌పోర్టులో వీసాకి ఇంకా మూడేళ్లు మిగిలి ఉన్నా అది కాపాడదు.

ఈ మాట మళ్లీ చెబుతాను. వీసా లోపలికి వెళ్లడానికి. స్టేటస్ లోపల ఉండడానికి. ఆ స్టేటస్ ఒక పనితో ముడిపడి ఉంటుంది. ఏ పనికని వెళ్లారో ఆ పనే చెయ్యాలి. పని మారాలంటే ముందు కాగితం మారాలి. ముందు కాగితం, తర్వాత పని. ఈ ప్రసంగంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా, ఈ నాలుగు మాటలూ గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఎఫ్-1 సంగతి. దీని కాగితం పేరు ఐ-20. విశ్వవిద్యాలయం ఇస్తుంది. కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయ్యాక చాలామంది దీన్ని ఫైల్లో పెట్టి మరిచిపోతారు. ఒకసారి బయటికి తీసి చూడండి. మొదటి పేజీలో ఎన్ అనే అక్షరంతో మొదలయ్యే ఒక నంబరుంటుంది. అది సెవిస్ నంబరు. విదేశీ విద్యార్థుల వివరాలన్నీ అమెరికా ప్రభుత్వం ఆ నంబరు మీదే చూసుకుంటుంది. అదే పేజీలో చదువు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. ఏడాదికి ఖర్చెంత, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్న లెక్క ఉంటుంది. రెండో పేజీ చాలామటుకు ఖాళీగా కనిపిస్తుంది. ఉద్యోగానికి అనుమతి దొరికితే ఎక్కేది ఆ ఖాళీలోనే. సెలవులకి ఇంటికొచ్చి తిరిగి వెళ్లడానికి కావలసిన సంతకం పడేదీ అక్కడే. ఆ సంతకం చదువుకునే రోజుల్లో ఏడాది వరకు చెల్లుతుంది. చెల్లి పెళ్లికని హడావిడిగా టికెట్టు కొనుక్కుని వచ్చేవాళ్లు ఆ పేజీ ఒకసారి చూసుకుని బయల్దేరాలి.

ఆ సంతకం పెట్టే అధికారిని డీఎస్ఓ అంటారు. ప్రతి విశ్వవిద్యాలయంలోనూ విదేశీ విద్యార్థుల ఆఫీసులో ఉంటారు. మన పిల్లలు వెళ్లగానే ఇండియన్ స్టోర్ ఎక్కడుందో కనుక్కుంటారు. దానికంటే ముందు కనుక్కోవలసింది ఈ ఆఫీసు. ఇల్లు మారితే పది రోజుల్లో చెప్పవలసిందీ ఇక్కడే.

ఎఫ్-1 మీద వెళ్లినవారు పూర్తిస్థాయిలో చదవాలి. మాస్టర్స్‌కైతే చాలాచోట్ల సెమిస్టరుకి 9 క్రెడిట్లు. బ్యాచిలర్స్‌కైతే 12. అందులో ఆన్‌లైన్ క్లాసులు ఎన్ని తీసుకున్నా ఒక్కటే లెక్కలోకి వస్తుంది. ఖమ్మం నుంచి వెళ్లిన ఒక అమ్మాయికి ఒక సబ్జెక్టు కొరుకుడు పడలేదనుకుందాం. మార్కులు తగ్గుతాయన్న భయంతో రాత్రికి రాత్రి కంప్యూటర్‌లో ఆ సబ్జెక్టు వదిలేసింది. తొమ్మిది క్రెడిట్లు ఆరయ్యాయి. ఎవరూ ఆపలేదు. ఏ హెచ్చరికా రాలేదు. కానీ స్టేటస్ అక్కడితో దెబ్బతింది. ఆ అమ్మాయి మరునాడు పొద్దున డీఎస్ఓ దగ్గరికి వెళ్లి, అడిగి, ఆ తర్వాత వదిలి ఉంటే? అనారోగ్యం కారణమైతే డాక్టరు ఉత్తరంతో తక్కువ క్రెడిట్లకి అనుమతి ఇస్తారు. చదువులో మొదట్లో ఎదురయ్యే కొన్ని ఇబ్బందులకీ ఇస్తారు. అయితే అనుమతి ముందు తీసుకోవాలి. వదిలేశాక వెళ్తే ఇచ్చేది కాదు.

ఇక పని. ఎఫ్-1 మీద ఉన్నవారు క్యాంపస్ లోపల పనిచెయ్యొచ్చు. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు. సెలవుల్లో ఇంకా ఎక్కువ. లైబ్రరీలో, డైనింగ్ హాల్లో, ప్రొఫెసరు దగ్గర. కానీ అవి అందరికీ దొరకవు. అప్పుడు మొదలవుతుంది అసలు చిక్కు. గ్యాస్ స్టేషన్లో రాత్రి డ్యూటీ ఉందంటారు. రెస్టారెంటులో గిన్నెలు కడిగే పని ఉందంటారు. జీతం నోట్లుగా చేతికిస్తారు. ఎక్కడా రాయరు. "అందరూ చేస్తున్నారు, ఏం కాదు" అంటారు.

ఆ పనికి వెళ్లే పిల్లలను నేను తప్పుపట్టడం లేదు. ఊళ్లో వడ్డీ పెరుగుతోందని తెలిసిన పిల్లాడికి అక్కడ నిద్ర పట్టదు. ఆ కష్టం నాకు తెలుసు. కానీ ఒక్క సంగతి వాళ్లకి ఎవరో ఒకరు చెప్పాలి. క్రెడిట్లు తగ్గి స్టేటస్ పోతే, తిరిగి నిలబెట్టమని దరఖాస్తు పెట్టుకునే దారి ఒకటుంది. ఐదు నెలల్లోగా పెట్టుకోవాలి. కారణం మన చేతిలో లేనిదని చూపించాలి. అనుమతి లేకుండా పనిచేసినవారికి ఆ దారి కూడా ఉండదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఫోన్లో "పార్ట్‌టైమ్ దొరికిందా" అని మనమే అడుగుతాం. మంచి ఆలోచనతోనే అడుగుతాం. ఆ మాట పిల్లాడి మీద ఎంత బరువు పెడుతుందో చూసుకోం. దొరికిందంటే క్యాంపస్ లోపలా, బయటా అని కూడా అడగండి. వారానికి ఎన్ని గంటలని అడగండి. బయటే అయితే వద్దని మీరే చెప్పండి. మీరు చెబితే వాడికి ధైర్యం వస్తుంది.

అనుమతి లేని పని మనవాళ్లకి చాలా దగ్గరగా తగిలిన విషయం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజన్‌టన్‌లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేశారు. అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది భారతీయులు. వారిలో ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. సగానికి పైగా విద్యార్థుల చిరునామాగా సన్నీవేల్‌లోని ఒకే ఒక్క అపార్ట్‌మెంటు రాసి ఉంది. క్లాసుల్లో కూర్చునేవాళ్లు లేరు. ఐ-20లు మాత్రం వచ్చేవి. వాటిని చూపించి ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసేవారు. దాడి తర్వాత కొంతమంది పిల్లల కాళ్లకి ఎలక్ట్రానిక్ పట్టీలు కట్టారు. ఆ బొమ్మలు మన పేపర్లలో వచ్చాయి. చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ సంస్థ నడిపిన సూసన్ సూ అనే ఆమెకి 2014లో 16 ఏళ్లు దాటిన జైలు శిక్ష పడింది.

ఎనిమిదేళ్లు తిరిగేసరికి అలాంటిదే మరొకటి జరిగింది. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ. దాన్ని పెట్టింది అమెరికా ప్రభుత్వ అధికారులే. మోసాలను పట్టుకోవడానికి వేసిన వల అది. క్లాసులు లేవు. పాఠాలు చెప్పేవాళ్లు లేరు. 2019 జనవరిలో వల లాగారు. తొలివిడతలో పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది దళారుల మీద కేసులు పెట్టారు. ప్రభుత్వం అలా వల వెయ్యడం న్యాయమా అని అప్పుడే చాలామంది అడిగారు. ఆ ప్రశ్న నాకూ ఉంది. అయినా పిల్లల వైపు నుంచి చూస్తే జరిగింది ఒకటే. చదువు లేని చోట చదువు కాగితం తీసుకున్నారు. ఆ కాగితం మీద ఉద్యోగం చేశారు. అద్దె ఒప్పందంలో కాపురం అని ఉంది. ఇంట్లో నడిచింది కొట్టు.

అలాంటి చోట్ల ఎర వేసేది సీపీటీ పేరుతో. సీపీటీ అన్నది నిజంగా ఉన్న వెసులుబాటే. చదువులో భాగంగా చేసే ఉద్యోగ శిక్షణ అది. మామూలుగా ఒక విద్యా సంవత్సరం చదివాక ఇస్తారు. మొదటి రోజు నుంచే శిక్షణ తప్పనిసరైన పైచదువులు కొన్ని ఉన్నాయి. వాటికి మినహాయింపుంది. కానీ ఒక కాలేజీ తన చదువు గురించి ఏమీ చెప్పకుండా, చేరిన రోజు నుంచే సీపీటీ ఇస్తామని చాటుకుంటోందంటే అక్కడ అనుమానించాలి. సీపీటీ ఐ-20 రెండో పేజీలో ఎక్కాకే పనిలో చేరాలి. పూర్తిసమయం సీపీటీ పన్నెండు నెలలు వాడేసుకుంటే, ఆ డిగ్రీకి తర్వాత రావలసిన ఓపీటీ పోతుంది.

ఓపీటీ అంటే చదివిన సబ్జెక్టుకి తగిన ఉద్యోగం చేసుకునే అవకాశం. చదువయ్యాక పన్నెండు నెలలు. సైన్సు, ఇంజినీరింగు, గణితం వంటి చదువులైతే ఇంకో 24 నెలలు. వెరసి మూడేళ్లు. ఇక్కడ మనవాళ్లు జారిపడే చోట్లు రెండు. ఒకటి దరఖాస్తు తేదీ. చదువు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు పెట్టుకోవాలి. రెండోది ఖాళీగా ఉండే రోజులు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చు. అవి నిశ్శబ్దంగా లెక్కలో కలుస్తుంటాయి. ఆ కంగారులోనే కొందరు డబ్బులిచ్చి లేని ఉద్యోగాన్ని కాగితం మీద చూపించుకుంటారు. అది మోసం కిందికి వస్తుంది. ఎన్నేళ్ల తర్వాత గ్రీన్‌కార్డుకి వెళ్లినా బయటపడి మెడకి చుట్టుకుంటుంది.

ఇప్పుడు జె-1. దీని కాగితం ఐ-20 కాదు, డీఎస్-2019. ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్ మీద వెళ్లేవారు, పీహెచ్‌డీ అయ్యాక పరిశోధనకి వెళ్లేవారు, కొద్దినెలలు పాఠాలు చెప్పడానికి వెళ్లేవారు దీని మీద వెళ్తారు. ఆరోగ్య బీమా తప్పనిసరి. వెంట వెళ్లే భార్యాపిల్లలకు కూడా.

జె-1కి ఒక షరతుంది. కొందరు తిరిగొచ్చి స్వదేశంలో రెండేళ్లు ఉంటే గానీ హెచ్-1బికీ గ్రీన్‌కార్డుకీ అర్హులు కారు. ప్రభుత్వ సొమ్ముతో వెళ్లినవారికి ఈ షరతు పడుతుంది. అక్కడ మెడికల్ రెసిడెన్సీ చేసే డాక్టర్లకు పడుతుంది. అమెరికా ప్రభుత్వం పెట్టిన నైపుణ్యాల జాబితాలో తమ దేశం, తమ రంగం ఉన్నవారికీ పడేది. 2024 డిసెంబరులో ఆ జాబితా సవరించారు. అందులో ఇప్పుడు భారతదేశం లేదు. చాలామందికి ఊరట దొరికింది. ఫుల్‌బ్రైట్ వాళ్లకి, డాక్టర్లకి షరతు అలాగే ఉంది. మన తెలుగు డాక్టర్లు ఎంతోమంది అక్కడి మారుమూల ఊళ్లలో కనిపించడానికి ఇదొక కారణం. వైద్యులు కరువైన చోట మూడేళ్లు పనిచేస్తే ఆ షరతు తీసేసే పద్ధతి ఉంది. ఒక్కో రాష్ట్రం ఏడాదికి 30 మంది వరకు సిఫారసు చేస్తుంది.

ఇంకో చిక్కు చెబుతాను. పరిశోధకుడిగా జె-1 మీద ఐదేళ్ల వరకు ఉండొచ్చు. ఒకాయన ఏడాది పనిచేసి, అమ్మకి బాగాలేదని కార్యక్రమం ముగించుకుని వచ్చేశాడనుకుందాం. మిగిలిన నాలుగేళ్లు దాచిపెట్టినట్టు ఉండవు. మళ్లీ అదే పద్ధతిలో వెళ్లడానికి 24 నెలలు ఆగాలి. ముగించే ముందు ఆఫీసులో అడిగితే, ముగించకుండానే వచ్చివెళ్లే వీలుందేమో చూసి చెప్పేవారు. ఇక్కడా ముందు కాగితం.

హెచ్-1బి సంగతి మన ఇళ్లలో అందరికీ కొంత తెలుసు. వీటికి పరిమితి ఏడాదికి 65,000. అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి ఇంకో 20,000. అందుకే లాటరీ. అయితే విశ్వవిద్యాలయాలకి ఈ పరిమితి లేదు. అవి ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు పెట్టొచ్చు. లాటరీతో పని లేదు. ఇక్కడే కర్నూలు నుంచి వెళ్లిన ఒక పరిశోధకురాలు పొరబడిందనుకోండి. విశ్వవిద్యాలయంలో హెచ్-1బి వచ్చింది కదా, రేపు మందుల కంపెనీకి మారొచ్చు అనుకుంది. కుదరదు. కంపెనీకి మారాలంటే లాటరీలో తగలాల్సిందే. ఈ వీసా మనిషికి ఇచ్చింది కాదు. ఆ సంస్థలో, ఆ ఉద్యోగానికి, ఆ ఊళ్లో పనిచెయ్యడానికి ఇచ్చింది. అదే విశ్వవిద్యాలయానికి దూరపు ఊళ్లో ఇంకో క్యాంపస్ ఉంటే అక్కడికి మారడానికి కూడా దరఖాస్తు సవరించాలి. పక్క విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ఉపన్యాసానికి పిలిచి సంభావన ఇచ్చినా తీసుకోకూడదు. దారిఖర్చులు తీసుకోవచ్చు.

2025 సెప్టెంబరులో వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వుతో, అమెరికా బయట ఉన్నవారి కోసం పెట్టే కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. అందులో విశ్వవిద్యాలయాలకు విడిగా మినహాయింపు రాయలేదు. నిబంధనలు ఇలా మారుతూ ఉంటాయి. పోయినేడు వెళ్లిన బంధువు చెప్పింది ఈ ఏడు పనికిరాకపోవచ్చు. వాట్సాప్ గ్రూపులో వచ్చింది అసలే పనికిరాకపోవచ్చు. అడగవలసింది విశ్వవిద్యాలయం ఆఫీసులో. అవసరమైతే ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గర.

భార్యాభర్తల సంగతి చెప్పకపోతే అన్యాయం చేసినట్టే. ఎఫ్-1 విద్యార్థి భార్యకైనా భర్తకైనా వచ్చేది ఎఫ్-2. ఉద్యోగం చెయ్యకూడదు. పూర్తిస్థాయి డిగ్రీ చదవాలంటే సొంతంగా ఎఫ్-1కి మారాలి. జె-1 వారి భార్యకైనా భర్తకైనా వచ్చేది జె-2. వారు మాత్రం దరఖాస్తు పెట్టుకుని పని అనుమతి తెచ్చుకోవచ్చు. హెచ్-1బి వారి భార్యకైనా భర్తకైనా వచ్చేది హెచ్-4. వారు చదువుకోవచ్చు. భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు దారిలో ఒక దశ దాటాక, 2015 నుంచి పనికి కూడా అనుమతి ఇస్తున్నారు. ఇక్కడ బ్యాంకులోనో, స్కూల్లోనో పనిచేసే అమ్మాయిని ఎఫ్-2 మీద పంపిస్తే ఆమె జీతం, ఆమె రోజువారీ బతుకు రెండూ ఆగిపోతాయి. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడే ఈ సంగతి ఆమెకి తెలిసి ఉండాలి. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట.

చివరిగా మీ గురించి. పిల్లల కాన్వొకేషన్‌కి వెళ్లే అమ్మానాన్నలకి బి-2 వీసా ఇస్తారు. సాధారణంగా పదేళ్లది. పదేళ్లు ఉండొచ్చని కాదు. ఎన్నాళ్లుండొచ్చో విమానం దిగిన చోట అధికారి నిర్ణయిస్తాడు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. విద్యార్థుల ఐ-94 మీద చాలాకాలంగా తేదీ ఉండేది కాదు, స్టేటస్ ఉన్నంతకాలం అని అర్థం వచ్చే గుర్తు ఉండేది. దాన్ని మార్చి గడువు పెట్టాలని 2025 ఆగస్టులో ప్రతిపాదించారు. కాబట్టి పిల్లలు వెళ్లినా, మీరు వెళ్లినా, దిగిన మొదటి వారంలోనే ఐ-94 తెరిచి పేరు, పాస్‌పోర్టు నంబరు, వీసా రకం సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి. తప్పుంటే అప్పుడే దిద్దించుకోవాలి. మనవడు పుట్టాడని ఇంకొన్నాళ్లు ఉండాలనిపిస్తే, ఆ తేదీ రాకముందే పొడిగింపుకి దరఖాస్తు పెట్టాలి. పెట్టకుండా తేదీ దాటితే ఆ పదేళ్ల వీసా అక్కడితో రద్దు.